కత్తి దించిన కాంతారావు

పాతతరం సినీనటుడు కాంతారావు గారిని లోకం మరచిపోయిందని నేను అనను. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు అరవై దాటినవాళ్ల దగ్గర ఆయన పేరెత్తి చూడండి, ముఖాలు విప్పారతాయి. భుజాల మీదికి జారే జులపాలు, నడుముకు పట్టీ, చేతిలో కత్తి, ఎదురుగా ప్రతినాయకుడు రాజనాల: ఇక వేరే చెప్పేదేముందన్నట్టు నవ్వుతారు. నా అభ్యంతరమల్లా ఆ జ్ఞాపకం అక్కడితో ఆగిపోవడం గురించే. నాలుగు వందలకు పైగా చిత్రాల్లో కనిపించిన నటుణ్ణి ఒక ఆయుధానికి కుదించి, ఆ కుదింపునే అభిమానం అనుకుంటున్నాం. కాంతారావు గారిలోని నటుడు ఎక్కువగా కనిపించేది కత్తి ఒరలో ఉన్నప్పుడు, ఇంకా సూటిగా చెప్పాలంటే, సన్నివేశం ఆయనది కానప్పుడు. పక్కవారి మాట వింటూ, పక్కవారి కోసం తాను కొంచెం తగ్గి నిలబడే పాత్రల్లో ఆయన చేసిన పని, కత్తియుద్ధాల్లో చేసిన పని కంటే పెద్దదని నా వాదన.

తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా; 2016లో జిల్లాలను విడగొట్టాక సూర్యాపేట జిల్లా అయింది. ఈ ప్రాంతపు చరిత్ర కొద్దిగా తెలిసినవాళ్లకు ఇందులో ఒక విశేషం కనిపిస్తుంది. గుడిబండ నిజాం ఏలుబడిలో ఉంటే, దాపునే ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం భూములే ఉన్నా బ్రిటిషువారి కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీగా ఉండేది. 1959లో గానీ అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. నిజాం రాజ్యపు బడుల్లో ఉర్దూ చదువు, ఇంట్లో తెలుగు, పొలిమేర దాటితే మరో పరిపాలన, అటునుంచి ఇటు వచ్చిపోయే నాటక సమాజాలు: అలాంటి సరిహద్దు సీమలో పెరిగి, రంగస్థలం మీద అలవాటుపడి మద్రాసు వెళ్లిన మనిషి ఆయన. ఆయన ఉచ్చారణలోని శుభ్రతకు ఈ నేపథ్యమే కారణమని నా ఊహ. ఊహగానే తీసుకోండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణ మాటకు తెలుగు సినిమాలో చోటు లేని కాలమది. ఉన్నా నవ్వించడానికో, రౌడీ పాత్రకో పనికొచ్చేది. అయితే జానపద చిత్రంలో రాకుమారుడు మాట్లాడే భాష ఏ జిల్లాదీ కాదు. గుంటూరు నుంచి వచ్చినవాడు కూడా దాన్ని కొత్తగా నేర్చుకోవాల్సిందే, కోదాడ నుంచి వచ్చినవాడూ నేర్చుకోవాల్సిందే. పౌరాణికాల్లోనూ అంతే. తెలంగాణ నుంచి వెళ్లిన తొలితరం కథానాయకుడు ఈ రెండు రకాల చిత్రాల్లోనే నిలదొక్కుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను. ఆయన మెట్లెక్కిన రోజుల్లో సమానంగా తెరుచుకుని ఉన్న తలుపు అదొక్కటే.

తొలి తెలుగు టాకీ తీసిన హెచ్.ఎం.రెడ్డి గారే ఆయనకు తొలి అవకాశం ఇచ్చారు. 1951లో వచ్చిన 'నిర్దోషి'లో చిన్న వేషం, 1953లో 'ప్రతిజ్ఞ'లో కథానాయక పాత్ర. రాజనాల తెరకు పరిచయమైంది కూడా ఆ 'ప్రతిజ్ఞ'తోనే. తరువాతి ఇరవై ఏళ్లపాటు ఊరూరా నేల టికెట్టు జనం ఈలలు వేసిన ఆ జంట ఒకే చిత్రంతో మొదలైందన్నమాట. 1955లో ఎన్.టి.రామారావు గారి సొంత సంస్థ తీసిన 'జయసింహ'లో కాంతారావు తమ్ముడి పాత్ర వేశారు. పెద్ద తార పక్కన రెండో స్థానం అప్పటినుంచే ఆయనకు రాసిపెట్టి ఉంది. పరిశ్రమ చాలాకాలం ఆయన్ను తోడపెళ్లికొడుకులాగే చూసింది: పందిట్లో పీట ఉంటుంది, తలంబ్రాలు మాత్రం పక్కవాడి మీద పడతాయి.

పీట మధ్యలో ఆయన్నే కూర్చోబెట్టినవారు బి.విఠలాచార్య. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగువాళ్లకు జానపద బ్రహ్మ అయిన ఈ దర్శకుడు 'జయ విజయ' (1959), 'కనకదుర్గ పూజా మహిమ' (1960), 'వరలక్ష్మీ వ్రతం' (1961), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'నవగ్రహ పూజా మహిమ' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) వంటి చిత్రాల్లో కాంతారావును వరుసగా కథానాయకుణ్ణి చేశారు. కొద్దిపాటి పెట్టుబడి, వాడిన సెట్టునే మళ్లీ వాడుకోవడం, తొందరగా ముగించే షూటింగు, కృష్ణకుమారి, రాజశ్రీ వంటి నాయికలు, 'పాతాళభైరవి' తరువాత అంజిగాడిగానే పిలిపించుకున్న బాలకృష్ణ హాస్యం, ఒక మాంత్రికుడు, ఒక శాపం. పంపిణీదారుల లెక్కలో ఇవి బి, సి సెంటర్ల సినిమాలు, అంటే చిన్న పట్టణాల్లో, ఊళ్లలో ఆడేవి. మా వైపు లెక్కలో నల్లగొండ, సూర్యాపేట బి సెంటర్లు అయితే కోదాడ, దేవరకొండ, కొల్లాపూర్ వంటివి సి సెంటర్లు. వాటికవతల టూరింగ్ టాకీసు డేరాలు. పట్నంలో ఆడి అలసిపోయిన ప్రింటు గీతలు పడి, అక్కడక్కడా తెగి మా దాకా వచ్చేసరికి కథ కొంత పోయేది, కాంతారావు మాత్రం ఉండేవారు.

ఈ చిత్రాలను పిల్లల సినిమాలని, చవకబారువని తీసిపారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చవకబారువి కావని నేను వాదించను. చాలావరకు అవి చవకగానే తీశారు. ఆ చవకతనం నటుడి మీద ఎంత బరువు మోపిందో ఎవరూ పట్టించుకోకపోవడమే నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ రోజుల్లో మాయలు ఎలా తీసేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. మనిషి చిలుక కావాలంటే కెమెరా ఆపుతారు. ఫ్రేములో ఉన్న మిగతావాళ్లు చెయ్యి, మెడ, చూపు కదపకుండా నిలబడాలి. మాయమయ్యే మనిషి పక్కకు తప్పుకుంటాడు, అక్కడ చిలుకను పెడతారు, కెమెరా మళ్లీ తిరుగుతుంది. రాక్షసుడు పెద్దగా, నాయకుడు చిన్నగా కనిపించాలంటే లెన్సులో సగం మూసి ఒక భాగం తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మరోసారి తీస్తారు. అంటే నాయకుడు శూన్యాన్ని చూసి భయపడాలి, శూన్యంతో పోట్లాడాలి, ఆ శూన్యం ఎంత ఎత్తుందో తన చూపుతోనే చెప్పాలి. చూపు జానెడు పక్కకు పోయినా జనం నవ్వుతారు.

కాంతారావు చూపు పక్కకు పోదు. ఎదురుగా ఏమీ లేని చోట ఏదో ఉందని ఆయన ఎంత గట్టిగా నమ్ముతారంటే, తరువాత అతికించిన కంకాళం ఎంత పేలవంగా ఉన్నా మనకు దాని మీద కోపం రాదు. విఠలాచార్య గురించి పరిశ్రమలో సరదాగా చెప్పుకునే కథ ఒకటుంది: ఎవరైనా నటుడు డబ్బు ఎక్కువ అడిగినా, షూటింగుకు రాకపోయినా ఆ పాత్రను శాపంతో ఏ మేకగానో, చిలుకగానో మార్చేసి చిత్రం పూర్తి చేసేవారట. నిజమో కాదో గానీ, ఆ కథలో ఒక సత్యం దాగి ఉంది. ఆ చిత్రాల్లో మిగతా అన్నింటినీ మార్చేయవచ్చు. వాటన్నింటినీ నమ్మే ముఖం ఒకటి మాత్రం చివరిదాకా తెరమీద ఉండి తీరాలి. ఆ ముఖం కాంతారావుది.

నేను మెచ్చుకుంటున్నది కూడా ఆ నమ్మకాన్నే, ఖడ్గ చాలనాన్ని కాదు. నిజానికి కత్తియుద్ధాలు ఒకదాని తరువాత ఒకటి వరుసగా చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మెట్ల మీద నాలుగు దెబ్బలు, స్తంభం చుట్టూ ఒక చుట్టు, దీపస్తంభం పడిపోవడం, రాజనాల వికటంగా నవ్వడం. కాంతారావు కదలిక చురుకైనదే, అందమైనదే. అయితే ఆ యుద్ధంలో ఎప్పుడూ ప్రమాదం ఉండదు, నాయకుడు గెలుస్తాడని కుర్చీకి తెలుసు, బెంచీకి తెలుసు, నేలకు తెలుసు. విఠలాచార్య గారికి కథ నడక మీద ఉన్న శ్రద్ధ పాత్ర లోపలి మనిషి మీద లేదు. నాయకుడు ఎందుకు బాధపడుతున్నాడన్నది ఆయనకు ఒక డైలాగుతో తీరిపోయే పని. అందువల్ల అభిమానులు ఏ చిత్రాలను కాంతారావు సర్వస్వమని అంటారో, ఆ చిత్రాల్లోనే ఆయనకు చేయడానికి అతి తక్కువ ఉంది.

చేయడానికి ఎక్కువ ఉన్న చోట్ల ఆయన ఏం చేశారో చూడటానికి 1963 అనే ఒక్క సంవత్సరం చాలు. జనవరిలో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' వచ్చింది, అందులో ఆయన నారదుడు. మార్చిలో తొలి పూర్తి నిడివి రంగుల తెలుగు చిత్రం 'లవకుశ' వచ్చింది, అందులో లక్ష్మణుడు. అక్టోబరులో 'నర్తనశాల', అందులో శ్రీకృష్ణుడు. అదే ఏడాది 'గురువును మించిన శిష్యుడు', అందులో మాయలు నేర్చిన జానపద నాయకుడు. కలహాన్ని రగిలించేవాడు, అన్న మాట దాటలేనివాడు, అన్నీ తెలిసి చిరునవ్వుతో ఊరుకునేవాడు, ఏమీ తెలియకుండా బయలుదేరి అన్నీ నేర్చుకునేవాడు. ఒకే ముఖం, ఒకే గొంతు, ఒకే ఏడాది. ఆ నాలుగింట్లో జనం గుండెల్లో పెట్టుకున్నది చివరి జానపద నాయకుణ్ణేనని నేను వేరే చెప్పనక్కరలేదు.

'లవకుశ' లక్ష్మణుడి దగ్గర కాసేపు ఆగుతాను. ఆ చిత్రం అనగానే రామారావు గారి రాముడు, అంజలీదేవి గారి సీత, ఇద్దరు పిల్లలు, ఘంటసాల వారి సంగీతం గుర్తుకు రావడం సహజం. కథలో అతి క్రూరమైన పని పడింది మాత్రం లక్ష్మణుడి మీద. నిండు గర్భిణి అయిన వదినను అడవిలో వదిలి రమ్మని రాజాజ్ఞ. రథం మీద పక్కన కూర్చున్న సీతకు ఆ సంగతి తెలియదు, లక్ష్మణుడికి తెలుసు, చూస్తున్న మనకు తెలుసు. నేపథ్యంలో ఘంటసాల గొంతు విధి గురించి పాడుతూ ఉంటుంది, కాబట్టి నటుడికి మాట కూడా లేదు. ఇలాంటి చోట మామూలు నటుడు కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, మొహం తిప్పుకుంటాడు, పిడికిలి బిగిస్తాడు. కాంతారావు దాదాపు ఏమీ చేయరు. గుర్రాల వైపు, దారి వైపు చూస్తూ, ఆజ్ఞ మోస్తున్న మనిషి ఎంత నిటారుగా కూర్చుంటాడో అంత నిటారుగా కూర్చుంటారు. ఆయన ఏడిస్తే సీతకు తెలిసిపోతుంది, ఏడవకపోతే మనకు ఆయన మీద కోపం వస్తుంది; ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని చోటులో పాట సాగినంతసేపూ నిలబడటం మాటలు కాదు. చివరికి నోరు విప్పి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ గొంతు తెగుతుంది. అంతకుముందు అంత బిగబట్టి ఉండకపోతే ఆ తెగడానికి విలువ లేదు.

నారదుడి సంగతి వేరు. మన నాటకాల్లో, సినిమాల్లో నారదుణ్ణి హాస్యపాత్రగా దించేయడం సులువు: చిడతలు, పిలక, కొంటెతనం, రెండు ఇళ్ల మధ్య పుల్ల పెట్టడం. 'సీతారామ కల్యాణం' (1961), 'శ్రీకృష్ణార్జున యుద్ధం', 'శ్రీకృష్ణ తులాభారం' (1966) చిత్రాల్లో కాంతారావు వేసిన నారదుడు నవ్విస్తాడు గానీ నవ్వులపాలు కాడు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం కథను తీసుకున్న 'శ్రీకృష్ణార్జున యుద్ధం'లో నారదుడు లేకపోతే కథే లేదు. కృష్ణుడి శపథంతో ప్రాణభయంలో ఉన్న గయుణ్ణి అర్జునుడి శరణు కోరమని పంపి, కృష్ణార్జునులను యుద్ధానికి దించేది ఆయనే. ఆ పని దుర్మార్గంగా కనిపించకూడదు, అమాయకంగానూ కనిపించకూడదు. దీని చివర ఏముందో నాకు తెలుసు, మీరు కంగారు పడకండి అన్న ధీమా ముఖంలో ఉండాలి. 'తులాభారం'లో అయితే సత్యభామ చేత మొగుణ్ణి దానం పట్టించుకుని, ఆ పరమాత్మను వీధిలో బేరానికి పెడతాడు. అక్కడ అంగడి మనిషి చలాకీతనం, భక్తుడి గుండె రెండూ ఒకే పాటలో కనిపించాలి. కాంతారావు ముందుగా చలాకీతనాన్ని పూర్తిగా ఇచ్చేసి, భక్తిని కనుచివరల్లో మాత్రమే ఉంచుకుంటారు. ఎదురుగా రామారావు, జమున ఉన్న చిత్రంలో ఆ ఘట్టం నారదుడిదిగా మిగిలిందంటే ఆ పొదుపు వల్లనే.

ఇక కృష్ణుడు. 1957లో 'మాయాబజార్' వచ్చాక తెలుగువాళ్లకు కృష్ణుడంటే రామారావు గారే. ఇంట్లో పటాలు కూడా ఆ ముఖంతోనే వచ్చాయి. ఇప్పుడు ఒక చిక్కు ఆలోచించండి. 'నర్తనశాల'లో రామారావు అర్జునుడు, బృహన్నల. 'పాండవ వనవాసం'లో (1965) భీముడు. కథలో కృష్ణుడు ఉన్నాడు, ఉండాలి. జనం మనసులో కృష్ణుడైన మనిషి పక్కనే నిలబడి, ఆయనకే ధైర్యం చెప్పే కృష్ణుణ్ణి ఎవరు వేయాలి? అనుకరిస్తే నవ్వుతారు, పోటీ పడితే ఒప్పుకోరు. రెండు చిత్రాలకూ దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, రెండింట్లోనూ ఆయన ఎన్నుకున్నది కాంతారావునే. ఆయన కృష్ణుడు రామారావు కృష్ణుడిలా తెరనంతా ఆక్రమించడు. ఇంటికి వచ్చిన దగ్గరి చుట్టంలా వస్తాడు, విన్నంతసేపు వింటాడు, చెప్పాల్సింది తక్కువ మాటల్లో చెప్పి వెళ్తాడు. ద్రౌపదిగా సావిత్రి గారు ఎదుట ఉన్నప్పుడు ఆయన ఆమె మాట వినే తీరు గమనించండి; తలను కొంచెం వంచి, మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి బదులిస్తారు. ఆ క్షణమే దేవుడికీ మనిషికీ ఉన్న తేడా. వినడం కూడా నటనేనని చూపించిన తెలుగు నటులు నాకు కొద్దిమందే కనిపిస్తారు, అందులో ఈ కత్తివీరుడు ఒకరు.

ఆయన పనితనానికి పరాకాష్ఠ నా దృష్టిలో 1969లో వచ్చిన 'ఏకవీర'. విశ్వనాథ సత్యనారాయణ నవల, సి.నారాయణరెడ్డి తొలిసారిగా రాసిన సంభాషణలు, తమిళదేశపు మధురను నాయకరాజులు ఏలిన కాలం. సేతుపతిగా రామారావు, వీరభూపతిగా కాంతారావు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఒకరు ప్రేమించిన స్త్రీ, తెలియకుండానే, మరొకరికి భార్య అవుతుంది. నేరం ఎవరిదీ కాదు, శిక్ష అందరిదీ. కాంతారావుకు ఇక్కడ ఓడించడానికి రాజనాల లేడు, తప్పించడానికి శాపం లేదు. కత్తి ఉంది, అది ఏ పనికీ రాదు. ఘంటసాల, అప్పటికి కొత్తగా వచ్చిన బాలసుబ్రహ్మణ్యం కలిసి పాడిన యుగళంలో ఇద్దరు స్నేహితులు చెరొక సుఖం గురించి చెప్పుకుంటారు. రామారావుకు ఘంటసాల గొంతు, కాంతారావుకు బాలు గొంతు. రెండో గొంతులోని లేతదనం వీరభూపతికి అతికినట్టు సరిపోయింది. అప్పటికి నలభై ఆరేళ్ల వయసున్న నటుడు ఆ లేత గొంతుకు పెదవులు కదుపుతూ ఎక్కడా అసహజంగా కనిపించకపోవడం కూడా ఒక నైపుణ్యమే. ఈ చిత్రంలో ఆయన రామారావు పక్కన రెండో మనిషి కాదు, రెండు సమాన దుఃఖాల్లో ఒకటి. నవల చదివినవాళ్లకు చిత్రం మీద ఎన్ని ఫిర్యాదులైనా ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. వాటిలో వీరభూపతి గురించిన ఫిర్యాదు ఒక్కటీ లేదు.

నా వాదనకు అడ్డు వచ్చే సంగతులు లేకపోలేదు. సాంఘిక చిత్రాల్లో కాంతారావు నాకు ఎప్పుడూ కొంచెం బిగుసుకుపోయినట్టు కనిపిస్తారు. అక్కినేని గారితో చేసిన 'శాంతినివాసం' (1960) వంటి విజయవంతమైన కుటుంబకథలోనూ, చొక్కా, పంట్లాము వేసుకున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఇబ్బంది ఒకటి తొంగిచూస్తుంది. రాచరికపు భాషలో అంత హాయిగా సాగే గొంతు ఇంటి మాటల్లోకి దిగేసరికి ప్రవచనంలా మారుతుంది. ఇది ఆయన పరిమితి. రంగస్థలం నుంచి పౌరాణికానికి, అక్కడి నుంచి జానపదానికి నడిచిన మనిషికి వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదివే పాత్ర నేర్పేవాళ్లు దొరకలేదు. కాబట్టి ఆయన అన్నీ చేయగలిగిన నటుడని నేను అనడం లేదు. చేయగలిగినవాటిలో మనం అతి తేలికైనదాన్ని ఎన్నుకుని దానికే దండ వేశామని అంటున్నాను.

ఆయన కూడా ఆ దండతో తృప్తి పడలేదనడానికి నిర్మాతగా ఆయన ఎంపికలే సాక్ష్యం. కత్తికి మార్కెట్టు ఉన్న రోజుల్లో, సొంత డబ్బు పెట్టి 1969లో తీసిన చిత్రాల్లో ఒకటి సంగీతం పేరు పెట్టుకున్న 'సప్తస్వరాలు'. 'గండరగండ' ఆ ఏడాదిదే. తరువాత 'ప్రేమజీవులు', 1974లో 'గుండెలు తీసిన మొనగాడు'. డబ్బు రాలేదు. ఊరి భూములు కరిగిపోయాయని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మధ్యలోనే గాలి కూడా మారింది. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చాక సి సెంటర్ల కుర్రవాళ్లకు గుర్రం మీద రాకుమారుడు పాతబడి, గుర్రం మీద కౌబాయ్ కొత్త అయ్యాడు. కత్తి స్థానంలోకి తుపాకీ రావడానికి రెండు మూడేళ్లు కూడా పట్టలేదు. ఒకే పనికి ముద్ర పడ్డ నటుడికి ఆ పని పోయిననాడు ఏమవుతుందో ఆయన తరువాతి మూడు దశాబ్దాలు చెబుతాయి: జమీందారు, పెద్దమనిషి, పెళ్లిలో అక్షింతలు వేసే తండ్రి, రెండు సీన్ల న్యాయమూర్తి. వినడం తెలిసిన ఈ నటుడికి తండ్రి పాత్రల్లో గుమ్మడి గారికి దొరికినలాంటి బరువున్న పాత్ర ఒక్కటి రాసి ఉంటే అన్న ఆలోచన నాకు అప్పుడప్పుడూ వస్తుంది. రాయలేదు, ఎందుకంటే రచయితల బుర్రలో కూడా ఆయన చేతిలో కత్తే ఉంది. ఆర్థికంగా ఎన్నో ఇబ్బందులు పడి, 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.

మరుసటి ఏడాది 'కత్తి కాంతారావు' అనే పేరుతో ఒక హాస్య చిత్రం విడుదలైంది. దాన్ని నేను తప్పుపట్టను, జనం నోట్లో నానే పేరును ఎవరైనా వాడుకుంటారు. అభిమానం ముద్దుపేరుగా మారి, ముద్దుపేరు జోకుగా మారే దారి ఎంత పొట్టిదో అది చూపిస్తుంది, అంతే. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట ప్రకటించిన చలనచిత్ర పురస్కారాల్లో ఒకటి కాంతారావు పేరిట ఉంది. అచ్చంపేట వైపు మూలాలున్న విజయ్ దేవరకొండకు దాన్ని ఇచ్చారు. నల్లగొండ నటుడి పేరిట పురస్కారం పాలమూరు కుర్రవాడికి వెళ్లడం దక్షిణ తెలంగాణవాడిగా నాకు సంతోషమే. డాక్టరుగా చదివి నటుడైన తుంగతుర్తి ప్రభాకరరెడ్డి గారి పేరిట కూడా ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండునని ఆశ కూడా కలిగింది, అది వేరే వ్యాసం.

అయితే పురస్కారం పేరును కాపాడుతుంది గానీ పనిని కాపాడదు. నవంబరు 16 వచ్చినప్పుడల్లా మా ఫోన్లకు వచ్చే బొమ్మల్లో ఆయన కత్తి పట్టుకునే ఉంటారు; పాత చిత్రాల చానళ్లు ఆ రోజు వేసేదీ ఏదో ఒక ద్వీప రహస్యమే. నాకు చేతనైతే కోదాడ డిగ్రీ కాలేజీలోనో, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో ఆ రోజు 'లవకుశ'లోని రథ ఘట్టం, 'తులాభారం'లోని బేరం ఘట్టం, 'పాండవ వనవాసం'లో కృష్ణుడు వచ్చే సన్నివేశాలు వరుసగా వేసి, చివర 'ఏకవీర' పూర్తిగా చూపించమంటాను. నాటకం, సినిమా నేర్చుకునే పిల్లలు ఉంటే మరీ మంచిది. ఇంట్లో చూసేవాళ్లకు మాత్రం 'పాండవ వనవాసం'తో మొదలుపెట్టమని చెబుతాను, ఎందుకంటే అందులో రామారావు, రంగారావు, సావిత్రి ముగ్గురూ గొంతెత్తి మాట్లాడుతున్నప్పుడు మన కన్ను సహజంగా వాళ్ల మీదికే పోతుంది. ఒకసారి అలా చూసేయండి. రెండోసారి వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ కృష్ణుణ్ణి చూడండి.